తండ్రి పేరు అడిగినప్పుడు



దేవదూత కలలో పునీత జోజప్పగారికి రెండు పనులు చెప్పాడు. మరియమ్మను చేర్చుకోవాలి, పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టాలి (మత్తయి 1:20-21). పేరు పెట్టడమంటే ‘ఈ బిడ్డ నా బిడ్డ’ అని పదిమంది ముందు ఒప్పుకోవడమే. యేసులో జోజప్పగారి రక్తం లేదు. అయినా ప్రభువు దావీదు వంశీయుడైనది ఆ తండ్రి పెట్టిన పేరుతోనే.

మన దగ్గర కథ తలకిందులు. రక్తం ఉంది, పేరు ఇచ్చే మనిషే కనబడడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో పనిచేసిన గురువులకు ఈ దృశ్యం కొత్తది కాదు. అమ్మమ్మ పసిబిడ్డను ఎత్తుకొని వస్తుంది. బిడ్డ తల్లి వెనక ఎక్కడో నిలబడుతుంది. జ్ఞానస్నాన పుస్తకం తెరిచి ‘తండ్రి పేరు?’ అంటాం. జవాబు రాదు. గురువునైన కొత్తలో నేను, “ముందు పెళ్ళి సంగతి తేల్చుకొని రండి” అని పంపివేశాను. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ తప్పు నాదే.

తిరుసభ చట్టం అలా చెప్పలేదు. బిడ్డను విశ్వాసంలో పెంచుతారన్న నమ్మకం ఉంటే జ్ఞానస్నానం ఆపకూడదు. 877వ నిబంధన ప్రకారం తండ్రి పేరు రాయాలంటే ప్రభుత్వ పత్రమైనా ఉండాలి, లేదా అతడే విచారణ గురువు ఎదుట, ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకోవాలి. ఊరి గుసగుసలు విని రాయరాదు. ఆ తల్లిదండ్రులు తర్వాత సక్రమంగా వివాహమాడితే, 1139వ నిబంధన ఆ బిడ్డను సక్రమ సంతానంగానే ఎంచుతుంది. పెళ్ళికాని తల్లిని గుడి తలుపు దగ్గరే ఆపేవారిని జగద్గురువులు ఫ్రాన్సిస్ 2013 మే నెలలో గట్టిగానే మందలించారు. నాకూ తగిలింది.

దేశ చట్టం సంగతి. ఒక పెళ్ళికాని క్రైస్తవ తల్లి వేసిన వ్యాజ్యంలో 2015 జూలైలో సుప్రీంకోర్టు, తల్లి ప్రమాణ పత్రం మీదనే జనన ధ్రువపత్రం ఇవ్వాలని తీర్పు చెప్పింది. తండ్రి పేరు చెప్పి తీరాలని ఆమెను బలవంతపెట్టరాదు. అంతమాత్రాన తండ్రి తప్పించుకున్నట్టు కాదు. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకూ అతడు పోషణ ఖర్చు ఇవ్వవలసిందే. ‘నేను కాదు’ అంటే కోర్టు డి.ఎన్.ఏ. పరీక్షకు ఆదేశించవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి. తివారీగారి విషయంలో 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పరీక్షతోనే తండ్రి ఎవరో తేల్చింది. ఆయన నోటితో ఒప్పుకున్నది 2014లో. అప్పటికి కొడుక్కి 30 ఏళ్ళు దాటాయి. అన్నేళ్ళు ఒక బిడ్డను నిలబెట్టడం న్యాయమా?

మనవాళ్ళు పెద్దమనుషుల పంచాయితీలో ఎంతో కొంత సొమ్ము ఇప్పించి నోరు మూయిస్తారు. సొమ్ము ఆరు నెలల్లో అయిపోతుంది, బిడ్డకు పేరు మాత్రం రాదు. తల్లులారా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఉచితంగానే వకీలును ఇస్తుంది. వెళ్ళడానికి జంకితే మీ విచారణ గురువును తోడు రమ్మనండి.

ఇక నీతో ఒక మాట, అబ్బాయీ. ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుంది. ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని రా. ఆదివారం పూజ తర్వాత నేను గుడిలోనే ఉంటాను.