“నాకేటీ తెల్దు” అన్న తల్లి: అరకులో ఒక హోంవర్కు, ఉపనిషత్తులో ఒక కథ

శ్రీ గురుభ్యో నమః.

ఈ వారం వీడియోలో ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడి కథ చెప్పుకున్నాం కదా. ఆ కథ నాకు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో వీడియోలో చెప్పడానికి టైము సరిపోలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నవాళ్లు.

పోయిన కార్తీకంలో కుటుంబంతో అరకు వెళ్లాం. బొర్రా గుహల్లో శివలింగాన్ని దర్శించుకున్నాం. దారి పొడవునా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. చీకటి పడేసరికి మా డ్రైవరు తనకి తెలిసిన వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. చిన్న గిరిజన గూడెం. వాళ్లే అన్నం పెట్టారు.

ఆ ఇంట్లో ఒక పాప ఉంది. ఐదో తరగతి. మేము వెళ్లేసరికి నీళ్లు మోసుకొచ్చి, తమ్ముడికి అన్నం తినిపించి, అప్పుడు అరుగు మీద బల్బు కింద పుస్తకాలు ముందేసుకుంది. మన భాషలో ఇంటిపని అంటే ఇంట్లో చేసే పని, బడివాళ్లు ఇచ్చిన పని కూడా. ఆ పిల్లకి రెండూ ఉన్నాయి.

పక్కన కూర్చుని చూశాను. తను లెక్క చెయ్యడం లేదు. స్నేహితురాలి నోట్సు చూసి దించేస్తోంది. అరకి పావు కలిపితే ఎంత అన్నది లెక్క. ఆ నోట్సులో పైనంకెలు కలిపి, కిందంకెలు కలిపి, ఆరింట రెండు అని రాసి ఉంది. ఈ పాప కూడా అదే రాసింది. తప్పుని కూడా చక్కటి దస్తూరీతో, గీత గీసి మరీ రాసింది.

“ఇంట్లో ఎవరైనా చెప్తారా అమ్మా?” అని వాళ్లమ్మని అడిగాను. ఆవిడ నవ్వి, “నాకేటీ తెల్దు బాబూ, నాను సదువుకోలేదు” అంది.

ఆ మాటకి ఆవిడ ఏమీ అనుకోలేదు. పిల్ల మాత్రం తల దించుకుంది.

ఆ దించుకున్న తల నన్ను చాలా రోజులు వదల్లేదండి.

తప్పు ఎవరిది?

చూసి రాయడం తప్పే. అసత్యమే. తను చెయ్యనిది చేశానని మాస్టారికి చూపించడం కదా. మరి ఆ తప్పు పదేళ్ల పిల్లది ఒక్కదానిదేనా?

రాత్రికి రాత్రి ఆ పిల్ల ఏం చెయ్యాలి? లెక్క రాదు. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా, పుస్తకంలో భాష వేరు. పొద్దున్న ఖాళీ కాగితంతో వెళితే అందరి ముందూ నిలబడాలి. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. కానీ సిగ్గుపడ్డానికి బెత్తం అక్కర్లేదు కదండీ, ఒక చూపు చాలు.

అలాగని మాస్టారిని అనడానికీ నోరు రాదు. కొండల్లో చాలా బడుల్లో ఒక్క ఉపాధ్యాయుడే అన్ని తరగతులూ చూసుకుంటాడు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ ఐదో తరగతికి భిన్నాలు చెప్పాలి. బడిలో చెప్పలేకపోయింది ఇంటికి పంపుతాడు. ఇంట్లో చెప్పేవాళ్లు లేక అది స్నేహితురాలి నోట్సులోకి వెళుతుంది.

ఇప్పుడు సత్యకాముడి దగ్గరికి వద్దాం.

గురువు అడిగిన మొదటి ప్రశ్న

సత్యకాముడికి చదువుకోవాలని కోరిక. గురువు దగ్గరికి వెళితే గోత్రం అడుగుతారని తెలుసు. అందుకే ముందు తల్లిని అడిగాడు, “అమ్మా, మనది ఏ గోత్రం?” అని.

తల్లి పేరు జబాల. ఆమె ఏం చెప్పింది? నాయనా, నాకు తెలియదు. వయసులో ఉండగా నాలుగిళ్లలో పనులు చేసుకుంటూ తిరిగిన రోజుల్లో నువ్వు పుట్టావు. నీ గోత్రమేదో నేనెరగను. నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు. కాబట్టి సత్యకామ జాబాలుడినని చెప్పు. ఇదీ ఆమె జవాబు.

అతను హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్లాడు. గురువు గోత్రం అడిగాడు. పిల్లవాడు ఒక్క అక్షరం దాచలేదు. అమ్మ అన్నది అన్నట్టుగానే చెప్పాడు. గౌతముడు ఏం చేశాడు? వెనక్కి పంపలేదు, వేలెత్తి చూపలేదు. నువ్వు సత్యం తప్పలేదు, ఇంత నిజం చెప్పగలిగినవాడే చదువుకి అర్హుడు, సమిధలు తెచ్చుకో అన్నాడు.

ఇక్కడ మనం సాధారణంగా సత్యకాముడి నిజాయితీని మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కానీ ఆ నిజం ఎక్కడ పుట్టింది? తల్లి నోట్లో పుట్టింది. ఆమె బిడ్డ ముందు సిగ్గుపడి ఏదో ఒక గోత్రం కల్పించి చెప్పలేదు. ‘తెలియదు’ అంది. ఆ తెలియదు అన్న మాటే ఆ పిల్లవాడికి అర్హత అయింది.

గురువు గొప్పతనం కూడా చూడండి. నిజం చెప్పినా ఇక్కడ నాకు అవమానం జరగదు అన్న ధైర్యం గురువు ఇచ్చినప్పుడే పిల్లవాడు మళ్లీ మళ్లీ నిజం చెప్తాడు. నిజం చెప్తే నవ్వుతారు, అబద్ధం రాస్తే టిక్కు పెడతారు అని తెలిస్తే పిల్లలు ఏది నేర్చుకుంటారు? మనం ప్రతిరోజూ నేర్పేది అదే.

ఆ కొండ ఊళ్లో తల్లి అన్నది జబాల అన్న మాటే. నాకు తెలియదు అంది. కానీ ఇక్కడ ఆ మాట పిల్లకి అర్హత కాలేదు, తలవంపు అయింది. తైత్తిరీయోపనిషత్తు దైవంగా చూడమని చెప్పేటప్పుడు ముందు తల్లిని చెప్పి, తర్వాత తండ్రిని, ఆ తర్వాత ఆచార్యుణ్ణి చెప్పింది. మనం పొద్దున్న ప్రార్థనలో ఆ వరుస పలికిస్తాం. సాయంత్రం ఇచ్చే హోంవర్కు, మీ అమ్మకి ఏమీ రాదు అని పిల్లకి రోజూ గుర్తుచేస్తుంటే ఆ ప్రార్థన ఏమైనట్టు?

కుంచం, అడ్డ, మానిక

ఆ రాత్రి జరిగింది ఇంకా ఉంది.

పిల్ల రాసుకుంటుంటే, తల్లి పక్కన చోళ్లు కొలుస్తోంది. ఎవరి దగ్గరో బదులు తెచ్చుకున్నారట, కొత్త పంట రాగానే తీరుస్తున్నారు. అడ్డతో కొలిచి, నిండాక పైన ఇంకో గుప్పెడు వేసింది. ఎందుకమ్మా అంటే, “ఆలు మాకిచ్చినప్పుడు ఇలాగే ఇచ్చినారు బాబూ” అంది.

అప్పుడు నాకు తట్టింది. “అమ్మా, కుంచానికి మానికలెన్ని?” అన్నాను. “నాలుగు.” “అడ్డకి?” “రెండు.” “మరి అడ్డలో ఇంకో మానిక కలిపితే?” “మూడు మానికలు. ముప్పావు కుంచం.” ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది.

అడ్డ అంటే అర కుంచం. మానిక అంటే పావు కుంచం. అరకి పావు కలిపితే ముప్పావు, నాలుగింట మూడు. పిల్ల పెన్సిలు ఆపి తల్లి వైపు చూసింది. “ఆరింట రెండు అంటే మూడో వంతు. అడ్డలో మానిక కలిపాక అడ్డ కన్నా తగ్గిపోతుందా?” అని అడిగాను. ఫక్కున నవ్వేసింది. రబ్బరుతో తుడిచేసి మళ్లీ రాసింది.

నాకేటీ తెల్దు అన్న మనిషికి ఆ లెక్క వచ్చు. కాగితం మీద గీత గీసి పైనొక అంకె, కిందొక అంకె వెయ్యడం రాదు, అంతే. పైగా ఆ గుప్పెడు చోళ్లలో ఏ పుస్తకంలోనూ మార్కులు వెయ్యని పాఠం ఒకటుంది. పుచ్చుకున్న కొలతతోనే తిరిగివ్వాలి అన్నది.

మరి బడి అక్కర్లేదా?

అలా అనుకోకండి. అక్కడ చాలామంది పొరపాటు పడతారు. కొండల్లో ఉన్నవాళ్లకి ప్రకృతే గురువు, చదువెందుకు అనేస్తారు. తమ పిల్లల్ని మాత్రం కార్పొరేట్ స్కూలుకి పంపుతారు.

సత్యకాముడి కథ మిగతాది వినండి. గురువు అతనికి బక్కచిక్కిన నాలుగు వందల ఆవుల్ని ఇచ్చి మేపుకు రమ్మన్నాడు. ఇవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానన్నాడు సత్యకాముడు. ఏళ్ల తరబడి అడవిలోనే ఉన్నాడు. ఎద్దు ఒక పాదం జ్ఞానం చెప్పింది, అగ్ని ఒక పాదం, హంస ఒక పాదం, నీటికాకి ఒక పాదం. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. నీకు ఎవరు చెప్పారు అని గురువు అడిగితే, మనుషులు కాదు, అయినా ఆచార్యుడి నోట విన్న విద్యే నిలుస్తుంది, మీరు చెప్పండి అన్నాడు. గురువు అదే విద్య చెప్పాడు, ఏమీ వదిలిపెట్టకుండా.

అడవి నేర్పింది వృథా కాలేదు. అలాగని గురువూ అనవసరం కాలేదు. రెండూ కలిశాయి. ఆ పాపకి కూడా రెండూ కావాలి. సంతలో కాఫీ గింజలో, పసుపో అమ్మితే ఇప్పుడు కుంచం కాదు, కిలోల కాటా. చీటీ మీద అంకె చదవలేకపోతే మోసపోయేది ఆ తల్లే. కాబట్టి కాగితం మీది భిన్నం తప్పకుండా రావాలి. అది అమ్మ కుంచంలోంచి మొదలైతే త్వరగా వస్తుంది, సిగ్గు లేకుండా వస్తుంది.

ముందు గురువు చేసిన హోంవర్కు

ఇదేదో నేను కొత్తగా చెప్తున్నది కాదు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అది 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. వాడుక భాష కోసం పోరాడారని మనకి తెలుసు. ఇంకోటి ఎక్కువమందికి తెలియదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, ఇవే తూర్పు కనుమల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల మాటలోనే వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి.

పిల్లలకి హోంవర్కు ఇచ్చే ముందు తాను హోంవర్కు చేసిన గురువు ఆయన. వాళ్ల తల్లి ఏ మాట మాట్లాడుతుందో ముందు తాను నేర్చుకున్నారు.

తర్వాత 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే పుస్తకాలు వేసి మాతృభాషలో బోధన మొదలుపెట్టారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు చెప్పాలంది. కాగితం మీద మాట మంచిదే. అది ఆ అరుగు మీది బల్బు కిందికి రావాలి.

మన ఇళ్లలో సంగతి

ఇది కొండల్లో వాళ్ల కథే కదా అని ఊరుకుంటే ఈ వ్యాసం రాసి లాభం లేదు. మన ఇళ్లలో ఏం జరుగుతోంది? ప్రాజెక్టు అమ్మ చేస్తుంది, బొమ్మలు నాన్న అతికిస్తాడు, చార్టు స్టేషనరీ షాపులో కొంటాం. మార్కులు పిల్లవాడికి వస్తాయి. అరకు పాప స్నేహితురాలి నోట్సు దించింది, మన పిల్లవాడు మనల్ని దించాడు. తేడా ఏముందండీ?

భృగువు తన తండ్రి వరుణుణ్ణి బ్రహ్మమంటే ఏమిటని అడిగితే, తండ్రి ఒక దారి చూపించి, తపస్సు చేసి తెలుసుకో అన్నాడు. భృగువు మొదట అన్నమే బ్రహ్మమనుకున్నాడు. మళ్లీ వచ్చి అడిగితే తండ్రి మళ్లీ తపస్సే చెయ్యమన్నాడు. అలా ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి చివరికి ఆనందం దాకా వెళ్లాడు. తండ్రికి జవాబు తెలుసు. అయినా కొడుకు పని తాను చెయ్యలేదు. పిల్లవాడు వచ్చిన ప్రతిసారీ తలుపు మాత్రం తెరిచే ఉంచాడు.

ఆచరణలో ఈ మూడూ చేసి చూడండి.

1. పిల్లలు ‘నాకు రాలేదు’ అంటే ఆ రోజు తిట్టకండి. నిజం చెప్పినందుకు ముందు మెచ్చుకోండి, తర్వాత లెక్క చూడండి.

2. మీకు తెలియనిది తెలియదని చెప్పండి. ఇద్దరం కలిసి రేపు మాస్టారిని అడుగుదాం అనండి. జబాల అన్నది అదే.

3. టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వారానికి ఒక్క ప్రశ్న చదువురాని అమ్మమ్మ కూడా జవాబు చెప్పగలిగేది ఇవ్వండి. విత్తనం ఎలా దాస్తారు, కుంచానికి ఎన్ని మానికలు, ఏదైనా సరే. ఆ జవాబు తరగతిలో అందరి ముందూ చదివించండి.

ఆ పాపకి ఇది ఐదో తరగతి. వచ్చే ఏడాది ఆశ్రమ పాఠశాల హాస్టలుకి వెళుతుందట. అంటే అమ్మ పక్కన కూర్చుని హోంవర్కు చేసే ఆఖరి సంవత్సరం ఇదే. మా అమ్మకి ఏమీ తెలియదు అనుకుంటూ వెళుతుందో, మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను అనుకుంటూ వెళుతుందో, అది ఈ కొద్ది నెలల్లోనే తేలిపోతుంది.

మేము బయల్దేరుతుంటే పాప నోట్సు తెచ్చి చూపించింది. ముప్పావు పక్కన చిన్న కుంచం బొమ్మ వేసుకుంది. మాస్టారు దానికి టిక్కు పెట్టారో లేదో నాకు తెలియదు. పెట్టాలని ఆ పరమేశ్వరుణ్ణి కోరుకుంటున్నాను.

శుభం. వచ్చే వారం వీడియోలో కలుద్దాం.