ఇంటి పాట ఎక్కడికి పోయినది?





పెనుకొండకును హిందూపురమునకును నడుమ, జాతీయ రహదారి చెంత నున్నది సోమందేపల్లె. 2022వ సంవత్సరము ఏప్రిల్ మాసమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, అనంతపురపు మెట్టభూముల కష్టసుఖములే నేటికిని దాని కష్టసుఖములు. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియైనను వేళకు వచ్చునన్న నమ్మకము లేదు. వేరుశనగ విత్తి ఆకాశము వంక చూచువారు, మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులను సాకువారు, 2019లో పెనుకొండ చెంత ప్రారంభమైన కార్ల కర్మాగారమునకు షిఫ్టు పనికి పోవువారు ఆ ప్రాంతమున కలరు. తెల్లవారినది మొదలు రాత్రి వరకు కాయకష్టము చేసి బిడ్డలను పెంచుకొను సంసారులు వారు. అట్టి యూరిలో ఒక గృహస్థుని దృష్టాంతముగా తలంచుకొనుడు.

అతడు బాల్యమున మఠములోని భజనలో ముందు వరుసను కూర్చుండి పాడినవాడు. పెద్దల యొద్ద హార్మోనియము మెట్లు నేర్చినవాడు. సోమవారపు భజన యనిన అన్నము సైతము మరచినవాడు. పిదప వివాహమైనది, ఇద్దరు బిడ్డలు కలిగిరి. బోరుబావిలో నీరు తగ్గినది. అప్పు తీర్పవలసి వచ్చినది. బిడ్డల బడి రుసుము, తల్లి మందులు, పశువుల మేత ఒకదాని వెంట నొకటి వచ్చి మీద పడినవి. హార్మోనియము పాతచీరలో చుట్టబడి అటక యెక్కినది. పండ్రెండేండ్లు గడచినవి. ఒకనాడు అటకమీది గోనెసంచులు దింపుచుండగా చీరముడి వీడి ఆ పెట్టె బయటపడెను. ఎనిమిదేండ్ల కుమార్తె దానిని తాకి చూచి తండ్రి ముఖము వంక తిరిగినది.

“అప్పా, నీకు పాట వచ్చునా?”

“ఒకప్పుడు వచ్చుచుండెనమ్మా.”

“మరి ఇప్పుడెక్కడికి పోయినది?”

తండ్రి బదులు చెప్పలేకపోయెను. ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది కాదు. నేడు బిడ్డలను పెంచుచున్న తల్లిదండ్రులలో ఎందరినో అడుగదగిన ప్రశ్న యిది.

సాధారణముగా వచ్చు సమాధానము ఒక్కటే: “తీరిక లేదు.” ఈ మాటను కొంచెము నిదానించి చూడవలెను. మన తాతలకు తీరిక యుండెనా? మోటార్లు రాకమునుపు రాయలసీమలో బావినుండి నీరు తోడుటకు కపిల కట్టుచుండిరి. ఎద్దులు బాటవెంట దిగుచుండగా తోలుబాన నిండి పైకి వచ్చును. నీరు కాలువలో పారును. ఎద్దులు తిరిగి వెనుకకు నడచును. ఇట్లు గంటల తరబడి సాగు పని యది. కపిల తోలువాడు ఆ రాకపోకల నడకకే పాట కట్టి పాడుచుండెను. దానికి కపిల పాట యని పేరే యేర్పడినది. ఇంటిలో తల్లి తెల్లవారక మునుపే లేచి తిరగలి ముందు కూర్చుండి రాగులు విసరుచు పాడెను. బిడ్డ ఆమె ఒడిలోనే ఆ పాట వినుచు నిదురించెను. కలుపు తీయు ఆడువారు ఒకరు పాట ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనిరి. వీరిలో తీరిక కలవారెవరు? నేటివారికంటె వారికే తీరిక తక్కువ. అయినను పాట ఉండెను.

కాబట్టి పాట తీరికకు పుట్టిన బిడ్డ కాదు, పనికి తోబుట్టువు. మోటారు వచ్చినది, కపిల పోయినది. పిండిమర వచ్చినది, తిరగలి మూలకు చేరినది. వానివలన నడుములకు విశ్రాంతి కలిగినది. అందులకు చింతింప బనిలేదు. కాని ఆ పనులతోబాటు పాట కూర్చుండు పీట కూడ పోయినది. దానికి మరియొక పీట వేయుట మనము మరచితిమి. అదియే జరిగిన లోపము. నేడు పాట వినబడుట లేదా? పూర్వముకంటె ఎక్కువగనే వినబడుచున్నది. బస్సులో, అంగడిలో, చేతిలోని ఫోనులో ఎవరో ఒకరు పాడుచునే యున్నారు. చెవికి విందు జరుగుచున్నది; గొంతు మాత్రము ఉపవసించుచున్నది. ఇతరుల పాట వినుట తప్పు కాదు. అయితే వినుటవలన కలుగు సుఖము వేరు, తానే నోరు విప్పి పాడుటవలన కలుగు ఆనందము వేరు. మొదటిది బయటినుండి వచ్చి పోవును. రెండవది ఊపిరినుండి పుట్టి ఊపిరిలోనే నిలుచును.

పని యొత్తిడి చేత పాట మానితిమనువారు బసవేశ్వరుని జీవితము తలంపవలెను. పండ్రెండవ శతాబ్దమున కళ్యాణ నగరమున బిజ్జలుని కొలువులో భండారి పదవి వహించిన మహనీయుడాయన. రాజ్యపు ధనమునకు లెక్క చెప్పవలసినవాడు, గృహస్థు, నిత్యము జంగమ దాసోహము నడపినవాడు, శత్రువుల నిందలకు ఎదురు నిలిచినవాడు. అంతటి కార్యభారము గలవాని నోటినుండియే వచనములు వెలువడినవి. ఒక వచనమున ఆయన తన దేహమునే వీణగా చేసికొమ్మని కూడలసంగమ దేవుని వేడెను. ఆ వేడికోలులోని సూక్ష్మము గ్రహింపుడు. వీణ కొనుటకు ధనము, కూర్చుండుటకు మందిరము, నేర్చుటకు కాలము కావలెనని ఆయన అనలేదు. ఉన్న దేహమే చాలుననెను. అలసిన దేహమైనను దేహమే కదా!

మరియొక వచనమున బసవేశ్వరుడు శివుడు నాదప్రియుడను మాటను, వేదప్రియుడను మాటను గూడ నిరాకరించి, ఆయన భక్తిప్రియుడని తేల్చెను. దీనిని చూపి “శివునికి సంగీతముతో పనియేమి?” అనువారు కలరు. ఆ యర్థము సరికాదు. నాదమును మాన్పుటకు బసవన్న ఆ మాట చెప్పలేదు. నాదమున నుండు గర్వమును మాన్పుటకు చెప్పెను. శివుడు స్వరశుద్ధికి మాత్రమే మెచ్చువాడైనచో, విద్వాంసులు తప్ప తక్కినవారు నోరు మూసికొనవలసినదే. ఆయన భక్తికి మెచ్చువాడు గనుకనే, పండ్రెండేండ్లు పాడక గొంతు బిగిసిన తండ్రియు పాడవచ్చును, పొయ్యి ముందు పొగకు దగ్గుచు తల్లియు పాడవచ్చును. తనకు తాళగతులు తెలియవనియు, తనకు ప్రియమైన రీతినే పాడుదుననియు చెప్పుకొన్న బసవేశ్వరుని వినయము సామాన్య గృహస్థునకు పెట్టని కోట.

శరణుల చరిత్రలలో ఈ సత్యమునకు నిదర్శనములు కలవు. కిన్నర బ్రహ్మయ్య కిన్నెర మీటి శివుని సేవించెను. ఆ సేవవలన లభించినదానిని జంగమ దాసోహమునకు వినియోగించెను. ఆయన యెడ పాట, కాయకము, దాసోహము మూడు వేరు వేరు పనులు కావు. పురాతనులైన అరువది మువ్వురిలో ఆనాయనారు గోపాలకుడు. పశువులను మేపుచునే, పూచిన రేలచెట్టును చూచి శివస్మరణము కలుగగా, పిల్లనగ్రోవిపై పంచాక్షరి పలికించెను. పశువులు మేత మరచి నిలిచినవని చరిత్ర చెప్పుచున్నది. ఆయన పశువులను విడిచి పాటకు పోలేదు. పశువుల నడుమకే పాటను తెచ్చుకొనెను.

బిడ్డలు గల తల్లులు విశేషముగా తలంపదగిన చరిత్ర బెజ్జమహాదేవిది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆమె కథ చెప్పెను. శివునకు అందరును కలరు, తల్లి మాత్రము లేదే యని ఆమె హృదయము కరగినది. తల్లియే యుండినచో విషము త్రాగనిచ్చునా, పాములను మెడలో వేసికొననిచ్చునా యని వగచి, తానే తల్లియై శివుని పసిబిడ్డగా లాలించినది. అందుకే ఆమె అమ్మవ్వ యైనది. స్నానము, పాలు, కాటుక, జోకొట్టుట మొదలగు తల్లి పనులే ఆమెకు పూజావిధులైనవి. ఇక లాలిపాట లేని లాలన యెక్కడిది? బిడ్డను ఊయలలో ఊపు తల్లి తనకు పూజకు సమయము లేదని చింతింప నక్కరలేదు. ఆమె ఊపుచున్న ఊయలయే పీఠము. పాడుచున్న లాలియే మంత్రము.

ఆ సోమనాథుడే పండితారాధ్య చరిత్రమున, శ్రీశైల యాత్రకు పోవు భక్తులు పాడుకొను పదములను పేర్కొనెను. అందు తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు కలవు. ఇవి ఆస్థానములలో సన్మానములకై పాడినవి కావు. నడచి నడచి కాళ్లు బొబ్బలెక్కిన జనము పాడుకొన్నవి. తెలుగునాట శివభక్తి నడచినంత మేర పాట దాని చేయి పట్టుకొని నడచినదని దీనివలన తెలియుచున్నది.

ఇటీవలి కాలమునను ఉద్యోగము, సంసారము, సంగీతము మూడింటిని ఒక్క జీవితమున నిలుపుకొన్నవారు కలరు. అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో 1893లో జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించిరి. బోధన వృత్తిగా నుండగనే సంగీతమున పరిణతి పొంది, తిరుపతిలో అన్నమాచార్య సంకీర్తనలకు స్వరరచన చేసి, 1974లో సంగీత కళానిధి బిరుదము నందుకొనిరి. ధారవాడ మల్లికార్జున మన్సూరు గారు (1910–1992) హిందుస్తానీ గానమున అగ్రగణ్యులై శరణుల వచనములను రాగములలో పాడిరి. వారి కుమారులు రాజశేఖర మన్సూరు గారు విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించుచునే తండ్రి గానమును నిలిపిరి. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున పంచాక్షరి గవాయి గారు, వారి పిమ్మట పుట్టరాజ గవాయి గారు (1914–2010) ఎందరో అంధులకు, పేదలకు అన్నముతోబాటు సంగీతమును పెట్టిరి. ఆకలి గొన్నవానికి ముందు అన్నము, తరువాత పాట యని వారు వరుస పెట్టలేదు. ఒకే పంక్తిలో రెండును వడ్డించిరి.

అందరును అంతవారు కావలెనని కాదు. గృహస్థు చేయదగినది మిక్కిలి స్వల్పము. ఉదయమున ఇష్టలింగపూజ ముగిసిన పిమ్మట ఒక్క వచనము మనసులో గాక పైకి, బిడ్డలు వినునట్లు పాడవలెను. దానికి అయిదు నిమిషములు చాలును. రాత్రి బిడ్డను పరుండబెట్టునపుడు ఫోను చేతికీయక, తనకు తన తల్లి పాడిన పాట జ్ఞాపకమున్నంత వరకు పాడవలెను. మరచిన చోట కూనిరాగము తీసినను లోపము లేదు. షిఫ్టు పనిచేయువారికి నిత్యము వీలుపడనిచో వారమునకొక సోమవారము, అదియు కాకున్న సెలవుదినమున, ఇంటివారందరు కలసి పావుగంట కూర్చుండవలెను. పొలమున నీరు కట్టుచు పాడుకొనుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.

ఇందొక హెచ్చరిక కలదు. బిడ్డ శ్రుతి తప్పినపుడు గద్దింపరాదు. పోటీలలో బహుమతి తెమ్మని తరుమరాదు. తండ్రి తాను పాడక బిడ్డను మాత్రము సంగీత పాఠమునకు పంపినచో, బిడ్డకు అది మరియొక బడి యగును. తండ్రి పాడుచుండగా చూచినచో, అది యిల్లగును.

మఠములకును ఇందు కర్తవ్యము కలదు. బసవ జయంతికి, శివరాత్రికి, శ్రావణ సోమవారములకు భజన జరుగుచుండగా తల్లులు ఎక్కడ నుందురు? దాసోహపు వంటశాలలో నుందురు. వారు వండిన అన్నము అందరికి చేరుచున్నది. అందరు పాడిన పాట వారికి చేరుటలేదు. పురుషులు కొందరు గరిటె పట్టి, ఒక గంటసేపు ఆ తల్లులను భజనలో ముందు వరుసను కూర్చుండబెట్టుట గొప్ప దాసోహము. స్త్రీలను అనుభవ గోష్ఠిలో సమానముగా కూర్చుండబెట్టిన బసవన్న అనుయాయులకు ఇది క్రొత్త మాట కాదు, మరచిన మాట. కూలికి వచ్చిన వాద్యబృందమును, ధ్వనివర్ధకములను కొంత తగ్గించి, తల్లిదండ్రులు బిడ్డలతో కలసి పాడు వేళ యొకటి నియమించినచో, ఇండ్లలో అటక యెక్కిన వాద్యములు తామే దిగివచ్చును.

ఆ సోమందేపల్లె గృహస్థుని కథ ముగింపవలెను కదా! ఆ రాత్రి అతడు హార్మోనియము దుమ్ము తుడిచి ముందిడుకొనెను. తిత్తిలో ఎక్కడనో గాలి పోవుచున్నది. రెండు మెట్లు పలుకలేదు. బాల్యమున నేర్చిన వచనమొకటి ఎత్తుకొనెను. ఊపిరి చాలలేదు. నాలుగవ పంక్తికి మాట మరచి ఆగెను. అప్పుడు వంటింటినుండి ఆ పంక్తిని అందుకొని ఒక గొంతు పాడినది. అది అతని యిల్లాలిది. ఆమెకు ఆ వచనము వచ్చునని అతనికి ఈ పండ్రెండేండ్లలో తెలియదు. తనకును ఒక పాట యుండెనని చెప్పుకొనుటకు ఆమెకు సందు దొరకలేదు. అడుగుటకు అతనికి తోచలేదు.

మరునాడు వాన కురియలేదు. అప్పు తరగలేదు. బోరుబావి నీరు పెరుగలేదు. కాని ఆ చిన్నపిల్ల ప్రశ్నకు సమాధానము దొరికినది. పాట ఎక్కడికిని పోలేదు. తండ్రి గొంతులో సగము, తల్లి గొంతులో సగము దాగి, ఎవరైనను పిలుతురేమోయని ఇన్నాళ్లు వేచియున్నది. మీ యిండ్లలోను అది వేచియే యున్నది. పిలువుడు.