తక్కెడలో పిల్లలు

పదో తరగతి వీడ్కోలు సభలో పాటలూ నాటకమూ అయ్యాక ‘మిస్ ఫేర్‌వెల్’ని ఎన్నుకునే వేడుక మా నేరేడుచర్ల దాకా వచ్చింది. ఆడపిల్లలు స్టేజీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు మార్కులు వేస్తారు. గెలిచిన పిల్లకు భుజం మీదుగా రిబ్బను, నెత్తిన మెరుపుల కిరీటం. అదే స్టేజీ మీద పిల్లలతో సంగీత నాటకాలు వేయించే తెలుగు టీచర్ని నేను. నాటకం ఉండాలి, కిరీటం వద్దన్నది నా పట్టు. దానికి ఒక పిల్ల అడ్డం తగిలింది.

“గొంతు దేవుడిచ్చిందే, మొకం దేవుడిచ్చిందే. పాటకు ప్రైజిస్తరు. మొకానికిస్తే తప్పేంది మేడం?”

కసిరి కూర్చోబెట్టడం తేలిక. కానీ ప్రశ్న సరైనది. పుట్టుకతో వచ్చినదానికి మనిషిని మెచ్చుకోవచ్చునా, మెచ్చుకుంటే ఆ మెప్పు పుచ్చుకున్నవాళ్ళదా, ఇచ్చినవాడిదా అన్నది ఎందరో జ్ఞానులను నిద్రపోనివ్వని సంగతి.

అందమంతా మాయ అనేసి తప్పుకునే దారి కూడా నాకు నచ్చదు. మట్టపల్లి నరసింహస్వామికి కల్యాణం చేసేటప్పుడు చూడండి, ఎన్ని పూలు, ఎంత పట్టు! దేవుడికి అలంకారం చేసి మురిసిపోయే జనం, పిల్ల అద్దం ముందు నిలబడితే పాపమని ఎట్లా అంటారు? నాకు పేచీ అందంతో లేదు. తూకంతో ఉంది.

తూకమంటే ఏమిటో మా పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమకాలువ కింద పండే ఒడ్లు, చుట్టూ రైసు మిల్లులు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో, తరుగు పేరుతో బస్తాకు ఎంత పోతుందో ఇంట్లో వింటూనే పెరుగుతారు. కాటా మీద పెట్టిన సరుకుకు ఏదో ఒక వంక తప్పదని వాళ్ళకు తెలుసు. అందుకే శ్రీకృష్ణ తులాభారం వాళ్ళకు అంత త్వరగా ఎక్కుతుంది.

ముత్తరాజు సుబ్బారావు గారి నాటకాన్ని పిల్లలకు తగ్గట్టు కుదించుకుని పోయిన ఏడు వేశాం. సత్య తన భర్తను నారదుడికి దానం ఇచ్చేస్తుంది. విడిపించుకోవాలంటే ఎత్తు బంగారం తూచి ఇవ్వాలి. ఉన్న నగలన్నీ పోసినా తక్కెడ కదలదు. రుక్మిణి వచ్చి ఒక్క తులసిదళం వేస్తే కృష్ణుడు పైకి లేస్తాడు. బల్లచెక్కలతో తక్కెడ చేసి, తెర వెనక నుంచి తాడు లాగేవాణ్ణి పెట్టాం. అందరిలోకీ కష్టమైన పని ఆ పిల్లవాడిదే. తులసి పడకముందు కృష్ణుడు అంగుళం కూడా కదలకూడదు.

సత్యభామ వేషం నేను ఇచ్చింది బాగా నల్లగా ఉండే పిల్లకు. గొంతు పైస్థాయిలో నిలుస్తుంది, నిలబడే తీరులోనే బింకం ఉంది. “సత్యభామ నల్లగుంటదా?” అని వెనక బెంచీలు గొణిగాయి. ఈ వేషాన్ని తెలుగువాళ్ళు ఎవరిలో చూసి పరవశించారో వాళ్ళకు చెప్పాను. నాటకంలో స్థానం నరసింహారావు గారు, కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు. ఇద్దరూ మగవాళ్ళే. 1956లో ఒకరికి, 1970లో ఇంకొకరికి పద్మశ్రీ ఇచ్చారు. ఆ అందం రంగు కడిగేసుకున్నాక అద్దంలో మిగిలి ఉండేదా? సాధనలో పుట్టి, చూసేవాళ్ళ మనసులో పండి, తెరపడేసరికి అందరి సొత్తూ అయిపోయింది. మా పిల్ల కూడా జడ ముందుకు వేసుకుని మొదటి పద్యం ఎత్తుకోగానే గొణుగుడు ఆగింది. అయినా, తక్కెడలో కూర్చున్న దేవుడే నల్లనివాడు కదా!

2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాదులో జరిగినప్పుడు, బుద్ధపూర్ణిమ నాడు కొందరు పోటీదారులను నాగార్జునసాగర్ బుద్ధవనానికి తీసుకొచ్చారు. ఆ ఎండాకాలం మా వీధి పిల్లల నోట అదే మాట. నాకు మాత్రం బుద్ధుడి తమ్ముడు నందుడు గుర్తొచ్చాడు. అతని కథను నాగార్జునకొండ శిల్పులు రాతిలో చెక్కారు. అశ్వఘోషుడు సౌందరనందమని కావ్యం రాశాడు, పింగళి, కాటూరి కవులు అదే పేరుతో తెలుగులో రాశారు. సన్యాసంలో చేరినా భార్య సుందరిని మరవలేక అల్లాడుతున్న తమ్ముణ్ణి బుద్ధుడు స్వర్గానికి తీసుకుపోతాడు. దారిలో ఒంటికన్ను ఆడకోతిని చూపించి, ఇదీ నీ భార్యా, ఇద్దరిలో ఎవరు అందగత్తె అంటాడు. నందుడు నవ్వుతాడు. అప్సరసలను చూశాక అదే ప్రశ్న వేస్తే, వీళ్ళ ముందు నా భార్య ఆ కోతిలాంటిదే అంటాడు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు సుందరి తరఫున ఉక్రోషం వస్తుంది. ఆమె ఏం చేసింది? మొగుడి కోసం ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చుంది. ఆమె మొహంలో ఒక్క గీత మారలేదు. ఎక్కడో ఇంకొకరిని నిలబెట్టి చూపేసరికి కోతి అయిపోయింది. తమ్ముడి మోహం వదిలించడానికి బుద్ధుడు ఎంచుకున్న ఉపాయం అది. మనం ఏ మోహం వదిలించడానికి ఆడపిల్లలను పక్కపక్కన నిలబెడుతున్నాం?

మొకానికి ప్రైజిస్తే తప్పేమిటని అడిగిన అమ్మాయికి నేను చెప్పింది ఇది. పాటలో ఓడిన పిల్లకు చరణంలో శ్రుతి ఎక్కడ జారిందో చెప్పగలను. విని, ఇంటికి పోయి, సాధన చేసి, సరిదిద్దుకుని వస్తుంది. దేవుడిచ్చిన గొంతుకు తన కష్టం కలుపుతుంది. మెప్పులో ఆమె వాటా అదే. నడిచి ఓడిన పిల్లకు ఏం చెప్పను? ముక్కు ఇట్లా ఉండకూడదనా, రంగు ఇంకాస్త తేలాలనా? దిద్దుకోలేనిదానికి మార్కు వేస్తే అది పోయి పుట్టుక మీద పడుతుంది. ఇంకా పైకి పోతే పుట్టించినవాడి మీద పడుతుంది. గెలిచిన పిల్లకైనా మేలు జరగదు. నాటకం కిరీటాన్ని తీసి పెట్టెలో పెడతాం, ఈ కిరీటం తన ఒంటిదే అనుకుంటుంది ఆ పిల్ల.

“ఉత్త మొకమే సూడరు మేడం. క్వశ్చన్ అడుగుతరు, మాట్లాడే తీరు సూస్తరు.”

అయితే మాటకే బహుమతి పెడదాం, నడకెందుకు అన్నాను. బతుకమ్మను గుర్తు చేశాను. ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని, తంగేడూ గునుగూ పేర్చి, నడుమ పెట్టి చుట్టూ తిరుగుతాం. చూసేవాళ్ళూ ఆడేవాళ్ళూ వేరుగా ఉండరు. మొహాలన్నీ పూల వైపే. అంత అందాన్నీ చెరువులో విడిచి ఇంటికొస్తాం. అందానికి అంత చోటిచ్చి, అహంకారాన్ని అంత దూరంగా ఉంచిన పూజ నేను ఇంకోటి చూడలేదు.

“గిప్పుడు బతుకమ్మకు గూడ ఫస్ట్ ప్రైజ్ ఇస్తున్నరు మేడం,” అంది. ఇస్తున్నారు. అదీ నాకు నచ్చదన్నాను. పోటీ లేకపోతే ప్రాక్టీసుకు ఎవరొస్తారని ఆమె, వస్తారని నేను. ఈ ఏడు భామాకలాపం ఎత్తుకున్నాం. సత్యభామను నిలదీసే మాధవి వేషం ఆ పిల్లకే ఇచ్చాను. కిరీటం సంగతి స్టాఫ్ మీటింగులో తేలాలి. పిల్లల తరఫున మాట్లాడటానికి ఆమెను కూడా పిలవమని హెడ్మాస్టరు గారిని అడిగాను.