ముసుగును గూర్చి

ఎముక విఱిగినవారు కట్టు కట్టించుకొనుటకై పుత్తూరునకు వచ్చుట తరతరములుగా నున్నదే. అరవదేశమునుండియు, కన్నడదేశమునుండియు వచ్చినవారు తమ వంతుకై వసారాలో కనిపెట్టుకొని యుందురు. బురఖా ధరించిన యిల్లాలును, నామము దిద్దిన వైష్ణవుడును అచట ప్రక్కప్రక్కనే కూర్చుండుట వింతగాదు. కట్టు కట్టువానికి కావలసినది విఱిగిన చేయి, ముఖము కాదు. సంఘములో కలియుటకు స్త్రీ ముఖము తెఱవవలయునా యను ప్రశ్న వచ్చినప్పుడు మాకు ముందుగా తోచునది యీ వసారాయే.

ముసుగు పరుల యాచారమని మనవారిలో పలువురు తలంతురు. అది పొరపాటు. మన జమీందారుల యిండ్లలోను ఘోషా యుండెడిది. 1885లో మేరీ షార్లీబను వైద్యురాలు చెన్నపట్టణమున ఘోషా స్త్రీలకై యాసుపత్రి నెలకొల్పినప్పుడు, తెర దీసి రండని యామె యనలేదు. తెరచాటున నున్నవారికే వైద్యమును చేరువ చేసెను. ఆ యాసుపత్రికి పిదప కస్తూరిబా పేరు పెట్టిరి గాని, గోషా ఆసుపత్రి యను వాడుక మాత్రము పోలేదు.

సంస్కర్తల యిల్లును చక్కగా నుండలేదు. కలకత్తా బ్రహ్మమందిరమున సైతము స్త్రీలు తెరవెనుకనే ప్రార్థనకు కూర్చుండెడివారు. 1872లో కొందఱు తమ యింటి స్త్రీలను తెర వెలుపల కూర్చుండనీయుడని కోరగా పెద్ద వివాదమే పుట్టెను. అందు గమనింపదగినది, వారడిగినది వెలుపల చోటు. తెరను చింపుట కాదు.

అట్లని మేము ముసుగును మెచ్చుకొనువారము గాము. అడుగకయే పసిపిల్ల ముఖముపై గుడ్డ కప్పుట యే ధర్మము? కాని యడుగకయే దానిని లాగివేయువాడును అదే తప్పు చేయుచున్నాడు. ఫ్రాన్సుదేశము 2010లో బహిరంగస్థలములందు ముఖము కప్పుకొనుటను నిషేధించెను. కలసి జీవించుటకు ముఖము కనబడవలయునను వాదమును 2014లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమును అంగీకరించెను. ఆఱేండ్లకు మహమ్మారి రాగా ఆ ప్రభుత్వమే ముఖమునకు గుడ్డ కట్టుకొనుడని ప్రజల నాజ్ఞాపించెను! మనమును కట్టుకొంటిమి, కన్నులతోనే కుశలమడిగితిమి, సంఘము కూలలేదు.

కన్నడదేశమున 2022లో పుట్టిన వివాదము ముఖమును గూర్చినది గాదు, తలగుడ్డను గూర్చినది. ఉన్నతన్యాయస్థానము నిషేధమును నిలిపెను. అక్టోబరు 13న సర్వోన్నతన్యాయస్థానపు న్యాయమూర్తు లిద్దఱును భిన్నాభిప్రాయులైరి. ఈలోపల కొందఱు బాలికలు పరీక్షలకు దూరమైరి. మన తెలుగువాడగు చిన్నప్పరెడ్డిగారు 1986లో నిచ్చిన తీర్పు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. జాతీయగీతమునకు లేచి నిలిచియు మతవిశ్వాసముచే పాడని కేరళ బాలలను బడినుండి వెడలగొట్టగా, వారిని తిరిగి చేర్చుకొనుడని యాయన యానతిచ్చెను.

ముఖము చూడవలసిన తావులు లేకపోలేదు. ఓటు వేయుచోట, పరీక్షాశాలయందు ఆనవాలు పట్టవలయును. ఒక యుద్యోగిని చాటున చూచిన చాలును, నిమిషము పని. కష్టమైనది వేఱొకటి. ముసుగుతో వచ్చిన బాలికకు మన పాఠశాలలో చోటీయవలయును. ముసుగు వలదన్న బాలికపై ఇంటివారు కినిసినప్పుడు ఆమె ప్రక్కను నిలువవలయును. మొదటిదానికి మనలో చాలమంది యొడబడుదురు. రెండవదానియందు, ఇరుగుపొరుగుల మనసు నొప్పింపనేల యని మేమును వెనుదీసిన సందర్భములు కలవు.