హుకమ్ అంటే చేతులు ముడుచుకోవడమా?

మన బస్తీల్లో ఈ మధ్య తరచూ వినబడుతున్న ప్రశ్న ఒకటి ఉంది. ఇంట్లో పెద్దవారికి మతిమరుపు జబ్బు ముదిరింది. అంతలో గుండెజబ్బు బయటపడింది. డాక్టరు గారు ఆపరేషన్ అంటారు. చేయిస్తే పెద్దాయన్ని బాధపెట్టినట్టా? వద్దంటే హుకమ్ పేరు చెప్పి చేతులు దులుపుకున్నట్టా?

ఈ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. బాపూజీ జీవితమంతా కొలిమి దగ్గర కూర్చుని కత్తులు, కొడవళ్లు చేసిన మనిషి. డెబ్భై ఆరో ఏట నన్ను చూసి "ఎవరి అబ్బాయివి బేటా?" అని అడిగేవారు. కానీ సాయంత్రం రెహరాస్ పాఠ్ మొదలుపెడితే నాతోపాటు పెదవులు కదిపేవారు. ఆ రోజుల్లోనే ఛాతీ నొప్పి మొదలైంది. మూడు రక్తనాళాలు పూడుకున్నాయనీ, బైపాస్ చేయవచ్చనీ చెప్పారు. "చేయించకపోతే రేపు బిరాదరీ ఏమంటుంది?" అన్నాడు అన్నయ్య. "వాహిగురూ ఇచ్చినన్ని శ్వాసలు చాలు, వదిలేయండి" అంది అక్క. గ్రంథీ శిక్షణ పొందినవాణ్ణి కదా, నువ్వే చెప్పమన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ముందు అక్క మాట చూద్దాం. హుకమ్‌ను ఒప్పుకోవడమంటే వైద్యం మానడం కాదు. గురూ హర్‌రాయ్ సాహిబ్ జీ కీరత్‌పూర్‌లో దవాఖానా నడిపారు. గురూ హర్‌కిషన్ సాహిబ్ జీ 1664లో ఢిల్లీలో మశూచి రోగులకు సేవ చేశారు. మందు కూడా హుకమ్‌లోనిదే. "మతి పోయింది, ఇంకా ఖర్చెందుకు" అనే మాట గురుసిక్కు నోట రాకూడదు. మన పేరు మరచిన మనిషిలోనూ అదే జోతి ఉంది.

ఇక అన్నయ్య మాట. బిరాదరీకి భయపడి చేయించే ఆపరేషన్ మన పరువు కోసం తండ్రి ఛాతీ మీద పెట్టే కోత. అది సేవ కాదు, హౌమై.

అందుకే మేము ప్రశ్న మార్చుకున్నాం. ఈ వైద్యం బాపూజీకి ఏమిస్తుంది, ఏం తీసుకుంటుంది? డాక్టరు గారు ఓపికగా చెప్పారు. బైపాస్‌కు రొమ్ము ఎముక కోసి తెరవాలి. అది అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మతిమరుపు ఉన్నవారికి పెద్ద ఆపరేషన్ తర్వాత కలవరం ఎక్కువ. కొందరికి ఉన్న కాస్త తెలివీ మళ్లీ రాదు. గొట్టాలు ఎందుకు పెట్టారో తెలియక లాగేసుకుంటారు. స్టెంట్‌కు అంత కోత ఉండదు గాని, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు నెలల తరబడి తప్పకుండా వేయాలి. నిలకడగా ఉన్న ఛాతీ నొప్పిని చాలామందిలో మాత్రలతోనే అదుపు చేయవచ్చు. అకస్మాత్తుగా వచ్చే గుండెపోటు మాత్రం వేరు. అప్పుడు చర్చలు పెట్టుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తర్వాత బాపూజీ బాగున్న రోజుల్లో ఏమనేవారో గుర్తుచేసుకున్నాం. తాయాజీ గొట్టాల మధ్య ప్రాణం విడిచినప్పుడు, "నన్ను మాత్రం పాఠ్ వినబడే చోట ఉంచండి" అన్నారు. ఆ మాటే మాకు దారి చూపింది. బైపాస్ వద్దనుకుని మాత్రలు వాడాం.

ఏడాది తిరక్కుండానే ఆయన స్పృహ తప్పి పడిపోసాగారు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది, పేస్‌మేకర్ పెట్టాలన్నారు. ఈసారి ముగ్గురం ఒకే మాట మీద చేయిద్దామన్నాం. మత్తు ఆ చోటికే ఇచ్చారు, చిన్న కోత, మూడో రోజు ఇంటికి వచ్చారు. పడిపోవడం ఆగింది. రెండుసార్లూ తూకం ఒకటే, జవాబులే వేరు. ఏ ఇనుము ఎంత సుత్తి దెబ్బకు ఓర్చుకుంటుందో మన చేతులకు తెలుసు కదా!

సంగత్ జీ, మూడు విన్నపాలు. రాత్రిళ్లు మేలుకునేది, మాత్రలు వేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. మా వదినను మేము చివర్లో అడిగాం, అది తప్పు. వారి మాట ముందు వినండి. డబ్బు లేదని మాత్రమే వద్దనకండి. 2024 నుంచి డెబ్భై ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉంది, కార్డు ముందే తీసి పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పెద్దల మతి బాగున్నప్పుడే వారి కోరిక అడగండి. చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, జప్‌జీ సాహిబ్ పాఠ్ వింటూ బాపూజీ అకాల్ చలాణా చేశారు. బైపాస్ చేయిస్తే ఇంకో రెండేళ్లు ఉండేవారేమో అన్న ముల్లు నాలో ఇప్పటికీ ఉంది. దాన్ని రోజూ అర్దాస్‌లో పెడతాను. ప్రేమతో, తెలుసుకుని, నలుగురూ కూర్చుని ఆలోచించడం మన వంతు. ఆపైన వాహిగురూ భాణా. ఆలోచించకుండానే భాణా అనేస్తే అది భక్తి కాదు, బద్ధకం.