లాగే శక్తి ఎక్కడుంది?

శక్తి కంటికి కనబడదు. నిప్పు కనబడుతుంది, దాని వేడి చేతికి తగులుతుంది, కానీ కాల్చే శక్తి విడిగా ఏ ఇంద్రియానికీ అందదు. విత్తనం కనబడుతుంది, అందులోని మొలకెత్తే శక్తి కనబడదు. అలాంటిదొకటి వస్తువులో నిజంగా ఉందా, ఉంటే ఏ ప్రమాణంతో తెలుస్తుంది అని భారతీయ దర్శనాల్లో మీమాంసకులూ నైయాయికులూ శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదం పుస్తకాల్లోనే మిగిలిపోయిందనుకోనక్కర లేదు. అమెరికాలో ట్రైలర్ లాగడానికి పాత పికప్ ట్రక్కు కొనేవాడికి ఎదురయ్యేది సరిగ్గా ఇదే ప్రశ్న. గుర్రాల ట్రైలరో, పడవో, ప్రయాణాల్లో కాపురముండే చక్రాల ఇల్లో వెనక తగిలించుకోవాలనుకునేవాడు డబ్బు పోసేది రంగుకు కాదు, సీట్లకు కాదు, లాగే శక్తికి. ఎదురుగా నిలబెట్టిన బండిలో అదొక్కటే కనబడదు.

మీమాంసకుల వాదం ఒక మణితో మొదలవుతుంది. నిప్పు పక్కన ఒక విశేషమైన మణిని ఉంచితే నిప్పు కాల్చదు, తీసేస్తే మళ్లీ కాలుస్తుంది అన్నది ఆనాటి వారందరూ ఒప్పుకున్న ఉదాహరణ. మణి ఉన్నప్పుడూ లేనప్పుడూ నిప్పు రూపం అదే, వేడి అదే. కనబడేవేవీ మారలేదు, ఫలితం మాత్రం మారింది. కాబట్టి కనబడనిదేదో మారి ఉండాలి. అదే శక్తి అన్నారు. మీమాంసకుల్లో ఒక శాఖవారైన ప్రాభాకరులు దాన్ని ప్రత్యేక పదార్థంగానే లెక్కించారు. మరో శాఖవారైన భాట్టులు కూడా శక్తిని ఒప్పుకుని, అది అర్థాపత్తి వల్ల, అంటే మరోలా పొసగని దాన్ని పొసగించే ఊహ వల్ల, తెలుస్తుందన్నారు. నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని తోసిపుచ్చాడు. కార్యానికి కారణం ఒక్క వస్తువు కాదు, కారణాల సమూహమంతా. అడ్డంకి లేకపోవడం కూడా ఆ సమూహంలో ఒక భాగమే. మణి వచ్చినప్పుడు నిప్పులో ఏదీ నశించలేదు, సమూహం అసంపూర్ణమైంది, అంతే. మణి ఉన్నా కాల్చేట్టు చేసే ఉత్తేజకం అంటూ మరొకటి ఉంటే, దాన్ని కూడా లెక్కలో చేర్చుకుంటే చాలు. కనబడని కొత్త పదార్థాన్ని కల్పించే పని లేదు.

పాత ట్రక్కుల ప్రకటనలు మీమాంసకుల భాష మాట్లాడతాయి. ‘11,000 పౌండ్లు లాగుతుంది’ అన్నప్పుడు ఆ పదకొండు వేల పౌండ్లు ఇంజన్‌లో ఒక మూల దాచిపెట్టి ఉన్నట్టు వినబడుతుంది. లెక్క వేసి చూస్తే నైయాయికుడి మాటే నిలబడుతుంది. హిచ్ అనే మామూలు కొక్కేనికి తగిలించే ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం దాని ముందు కొన మీదుగా ట్రక్కు వెనక భాగంపై పడాలి. అంతకంటే తగ్గితే ట్రైలర్ దారిలో అటూఇటూ ఊగుతుంది. 7,000 పౌండ్ల ట్రైలర్‌కు పన్నెండు శాతం చొప్పున 840 పౌండ్లు. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే 650. బరువును ఇరుసుల మధ్య పంచే హిచ్ సామగ్రి మరో 100. మొత్తం 1,590. డ్రైవర్ తలుపు తెరిస్తే కనబడే స్టిక్కర్‌లో మనుషులూ సామానూ కలిపి 1,500 పౌండ్లు మించరాదని ఉంటే, తొట్టిలో ఒక్క పెట్టె పెట్టకముందే పరిమితి దాటిపోయింది. లాగుతున్నది మాత్రం ప్రకటనలో చెప్పిన బరువులో మూడింట రెండు వంతుల కంటే తక్కువే. ముందుగా చేతులెత్తేసేది ఇంజన్ కాదు, స్ప్రింగులూ టైర్లూ వెనక ఇరుసూ. ఇంజన్ బలం చూసి ట్రక్కు కొనడం తరచుగా తప్పు చోట వెతకడమే అవుతుంది.

మణి ఉదాహరణకు ఇంకా దగ్గరి పోలిక కొలరాడో కొండల్లో దొరుకుతుంది. అక్కడ ఐ-70 రహదారి మీది ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి 11,000 అడుగుల పైన ఉంది. గాలి పలచబడే కొద్దీ, టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం చొప్పున బలం కోల్పోతుంది; సొరంగం చేరేసరికి దాదాపు మూడోవంతు పోతుంది. ఇంజన్‌లో ఏ భాగమూ అరగలేదు, ఏదీ విరగలేదు. కాన్సస్ మైదానానికి దిగితే పోయిన బలంలో చాలాభాగం తిరిగి వస్తుంది. శక్తి నశించి మళ్లీ పుట్టిందని మీమాంసకుడనాలి. గాలి అనే సహకారి తగ్గింది, మళ్లీ చేరింది అంటే సరిపోతుందని నైయాయికుడంటాడు. టర్బో ఉన్న ఇంజన్ అదే ఎత్తులో అంత దెబ్బ తినదు. ఉత్తేజకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉదయనుడికి దొరికి ఉండదు.

ఒకే సంవత్సరం, ఒకే కంపెనీ, ఒకే ఇంజన్ ఉన్న రెండు ట్రక్కులు పక్కపక్కన నిలబెడితే తేడా తెలియదు. కానీ వెనక ఇరుసు గేర్ నిష్పత్తి ఒకదానిలో 3.31, మరొకదానిలో 3.73 ఉంటే కంపెనీ అనుమతించే ట్రైలర్ బరువు వేల పౌండ్లలో మారిపోవచ్చు. ఆ సంగతి బయటి రూపం చెప్పదు. తలుపు స్తంభం మీద అతికించిన చీటీలో ఒక చిన్న కోడ్ చెబుతుంది. ఇక్కడ ప్రత్యక్షం పక్కకు తప్పుకుని శబ్దం, అంటే మాట ద్వారా వచ్చే జ్ఞానం, ముందుకు వస్తుంది.

ఆ మాట కూడా ఏ కాలం నాటిదో చూడాలి. లాగే సామర్థ్యాన్ని కొలిచే జె2807 అనే ప్రమాణాన్ని అమెరికాలోని వాహన ఇంజనీర్ల సంఘం 2008లో ప్రకటించింది. టొయోటా 2011 మోడల్ టండ్రాతో దాన్ని మొదట పాటించింది. అమెరికా పెద్ద కంపెనీల సాధారణ పికప్‌లు 2015 మోడల్ ప్రాంతానికి గాని దారికి రాలేదు. అంతకు ముందు ఎవరి పద్ధతిలో వారు కొలుచుకునేవారు. కాబట్టి 2009 నాటి ట్రక్కు అంకెనూ 2016 నాటి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. రెండూ అంకెలే, రెండూ ఒకే మాట చెప్పడం లేదు. కొత్త ప్రమాణం అడిగే పరీక్షల్లో ఒకటి ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11 మైళ్ల పైచిలుకు ఎత్తురోడ్డు. ఎండ మండుతుండగా, ఏసీ పూర్తిగా వేసి, పూర్తి బరువుతో, మామూలు పికప్ గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఎక్కాలి. బండిలో ఉన్నది డ్రైవరూ మరో మనిషీ, ఒక్కొక్కరు 150 పౌండ్లు అని లెక్క. అంటే ఆ అంకె వెనక వాలు, వేడి, వేగం, మనుషుల బరువు అన్నీ షరతులుగా నిలబడి ఉన్నాయి. ఇంజనీర్లు తెలియకుండానే ఉదయనుడి కారణ సమూహ సిద్ధాంతాన్ని రాసుకున్నారు. ప్రకటనలో మాత్రం షరతులు రాలిపోయి అంకె ఒక్కటే మిగులుతుంది.

ఇంతవరకు చెప్పింది బండి కొత్తగా ఉన్నప్పటి సంగతి. పాతబండి గతం కొనేవాడి కళ్ల ముందు జరిగింది కాదు. గుర్తుల నుంచి ఊహించుకోవాలి, అంటే అనుమానం చేయాలి. వెనక పట్టీ స్ప్రింగులు చదునుగా కుంగిపోయాయి, హిచ్ రిసీవర్ చిల్లులు గుండ్రం పోయి సాగాయి, ట్రాన్స్‌మిషన్ నూనె నల్లబడి మాడు వాసన వస్తోంది. పొగ చూసి నిప్పును ఊహించినట్టు వీటిని చూసి బరువైన చాకిరీని ఊహించవచ్చు. అయితే న్యాయశాస్త్రం ఇక్కడే హెచ్చరిస్తుంది. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందన్న వాదంలో తడి కట్టె అనే ఉపాధి, అంటే చెప్పని షరతు, దాక్కుని ఉందని, తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివే విద్యార్థికి మొదటి ఏడాదిలోనే చెబుతారు. ‘హిచ్ ఉంది, కాబట్టి బాగా లాగించారు’ అన్న అనుమానం అలాంటిదే. సైకిళ్ల స్టాండు తగిలించడానికి మాత్రమే హిచ్ వాడేవారు బోలెడు మంది. ‘తక్కువ మైళ్లు తిరిగింది, కాబట్టి బలంగా ఉంది’ అన్నదీ అంతే. ఆ తక్కువ మైళ్లు కొండల్లో బరువుతో తిరిగినవై ఉండవచ్చు.

హిచ్ లేని ట్రక్కు సంగతి ఇంకా సూక్ష్మమైనది. లేకపోవడాన్ని తెలిపే అనుపలబ్ధిని భాట్టులూ అద్వైతులూ వేరే ప్రమాణంగా ఒప్పుకున్నారు గానీ, ఒక షరతు పెట్టారు: ఉండి ఉంటే కనబడి తీరేదే అయినప్పుడు కనబడకపోతేనే లేదని తేలుతుంది. చీకటి గదిలో కుండ కనబడకపోవడం కుండ లేదనడానికి ఆధారం కాదు. హిచ్‌ను నాలుగు బోల్టులు విప్పి తీసేయవచ్చు, కాబట్టి అది కనబడకపోవడం ఏమీ చెప్పదు. కానీ చట్రం మీద బోల్టులు ఒరుసుకున్న మచ్చలూ, డ్యాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేక్ పెట్టె బిగించిన చిల్లులూ అంత తేలికగా పోవు. బాగా వెలుతురులో, బండి కింద పడుకుని చూసినా అవి లేకపోతే, ఆ లేకపోవడానికి విలువ ఉంది. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో చట్రాలు తుప్పు పడతాయి. అక్కడి ట్రక్కు చట్రానికి అప్పుడే పూసిన నల్లరంగు కొత్తగా మెరుస్తుంటే గది మళ్లీ చీకటైనట్టే లెక్క.

అర్థాపత్తికి పాఠాల్లో చెప్పే ఉదాహరణ దేవదత్తుడు. పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. రాత్రి తింటున్నాడనుకుంటే తప్ప ఈ రెండూ పొసగవు. ఓడోమీటర్ 60,000 మైళ్లు చూపిస్తోంది, బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం లోహం కనబడేట్టు అరిగిపోయింది; అంకెను వెనక్కి తిప్పారనుకుంటే ఈ రెండూ పొసగుతాయి. ఓడోమీటర్‌ను వెనక్కి తిప్పడం అమెరికాలో 1972 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. కానీ తిప్పకపోయినా పొసగని లెక్కలుంటాయి. చాలా పికప్‌లలో ఇంజన్ నడిచిన గంటలు కూడా తెర మీద చూడవచ్చు. 60,000 మైళ్లకు 4,000 గంటలుంటే సగటున గంటకు 15 మైళ్లే. బండి చాలాకాలం నిలబడి ఇంజన్ తిరిగిందనుకుంటే తప్ప ఆ లెక్క కుదరదు. అర్థాపత్తి కూడా అనుమానంలోనే ఒక రకమని నైయాయికుడు వాదిస్తాడు. కొనేవాడికి ఆ పేచీతో పని లేదు.

అన్నీ చూశాక కూడా కొన్ని సంగతులు అమ్మేవాడి మాట మీదే ఆధారపడతాయి. న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు ఆప్తుడికి, అంటే మాట నమ్మదగినవాడికి, చెప్పిన లక్షణంలో రెండు భాగాలున్నాయి: వస్తువును ఉన్నదున్నట్టు ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమే అని కూడా అన్నాడు. కులగోత్రాలు చూసి మాట నమ్మమనలేదు. పాతబండ్ల వ్యాపారిలో రెండో భాగం లోపించిందని అందరూ అనుమానిస్తారు గానీ, తరచుగా లోపించేది మొదటిదే. వేలంలో నిన్న కొన్న ట్రక్కు గతం అతనికీ తెలియదు. ‘నాకు తెలిసినంతవరకు బాగుంది’ అన్న మాట నిజమే, నిరుపయోగం కూడా. పాత యజమానికి సంగతంతా తెలుసు, చెప్పాలన్న కోరిక ఎంతో చెప్పలేం. జార్జ్ అకర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం ఈ ఇబ్బందినే ఆర్థికశాస్త్రంగా మార్చింది. మంచి బండికీ చెడ్డ బండికీ తేడా కొనేవారికి తెలియకపోతే రెండింటికీ ఒకే ధర పలుకుతుంది. ఆ ధరకు మంచి బండి వాళ్లు అమ్మడం మానుకుంటారు, చివరికి చెడ్డవే మిగులుతాయి. 1985 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం వ్యాపారి సాధారణంగా పాతబండి అద్దానికి ఒక పత్రం అతికించి, గ్యారంటీ ఉందో, ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్ముతున్నాడో చెప్పాలి. గ్యారంటీ లేదనడం నిజాయితీయే. బండి గురించి ఒక్క ముక్క చెప్పని నిజాయితీ.

జ్ఞానం సరైనదో కాదో చివరికి దేనివల్ల తేలుతుంది? దోషం బయటపడే వరకు జ్ఞానం తనంతట తానే ప్రమాణమని మీమాంసకులు, ప్రవృత్తి, అంటే ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని, సఫలమైతేనే తేలుతుందని నైయాయికులు అన్నారు. నీళ్లనుకుని వెళ్లినవాడి దాహం తీరితే అది నీళ్లే. ట్రక్కు విషయంలో ప్రవృత్తి అంటే ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కించడం. చిక్కల్లా అది సాధారణంగా డబ్బు చేతులు మారాక జరగడమే.

ఈ చిక్కును ధర్మశాస్త్రం రోజుల లెక్కతో పరిష్కరించింది. కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి యాజ్ఞవల్క్య స్మృతి గడువులిచ్చింది: విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒకటి, బరువు మోసే పశువులకు ఐదు, రత్నాలకు ఏడు, పాడి పశువులకు మూడు. దాసులుగా కొన్న స్త్రీ పురుషులకు కూడా అదే శ్లోకంలో గడువులున్నాయి; అది ఎలాంటి సమాజపు చట్టమో మరిచిపోకుండా చదవాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు, 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగుచేశాడు. గడువులు వస్తువు ధరను బట్టి లేవు. గుణం బయటపడటానికి ఎంతకాలం పడుతుందో దాన్ని బట్టి ఉన్నట్టు తోస్తుంది. ఇనుము నాణ్యత ఒక్కరోజు కొలిమిలో తెలుస్తుంది, ఎద్దు సంగతి కాడి కట్టి దున్నితే గాని తెలియదు. పికప్ ఇనుముతో చేసిందే అయినా, కొనేవాడు దాన్ని ఎద్దుల పద్దులో రాయమనే అడుగుతాడు. రోమ్‌లోనూ బానిసలనూ బరువు లాగే పశువులనూ అమ్మేవారు లోపాలు బహిరంగంగా చెప్పాలని సంతల అధికారులు శాసించారు. చెప్పకపోతే ఆరు నెలల్లోపు వెనక్కివ్వవచ్చు.

నేటి అమెరికాలో అంత వెసులుబాటు లేదు. మూడు రోజుల్లో మనసు మార్చుకోవచ్చన్న ఫెడరల్ నియమం ప్రధానంగా ఇంటికొచ్చి అమ్మినవాటికి వర్తిస్తుంది, వ్యాపారి స్థలంలో కొన్న బండికి కాదు. కాబట్టి ప్రవృత్తిని కొనుగోలుకు ముందుకే లాక్కోవాలి: సొంత ట్రైలర్ తీసుకెళ్లి తగిలించడం, లారీలు ఆగే చోట ఉండే తూకం మీద ఇరుసుల వారీగా తూచడం, ఒక పొడవాటి ఎత్తు ఎక్కిస్తూ ట్రాన్స్‌మిషన్ వేడిని గమనించడం. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే బండిలో లోపం ఉందని నిర్ధారించడం హేత్వాభాసం, అంటే హేతువులా కనబడే తప్పుడు హేతువు. బీమా భయం వల్ల కూడా ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా ఆ ఎత్తు రుజువు చేసేది ఆ బరువుకు, ఆ వేడికి, ఆ రోజుకు మాత్రమే. మరో 50,000 మైళ్లు ఇలాగే లాగుతుందా అన్నది ఏ పరీక్షకూ అందదు. దానికి మళ్లీ అనుమానమే దిక్కు. నూనె మార్చిన తేదీలున్న సర్వీసు రసీదులు ఉంటే ఆ అనుమానానికి కాస్త గట్టి హేతువు దొరుకుతుంది.