తన ఇంటికి ఎదురుగా ఉన్న గోడ



యెరూషలేము ప్రాకారాన్ని తిరిగి కట్టినప్పుడు పలువురు తమ ఇండ్లకు ఎదురుగా ఉన్న భాగాన్ని తామే బాగుచేసుకున్నారని నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. తాము నివసించే చోటు గనుక శ్రద్ధగా కట్టారు.

1970వ దశకంలో న్యూయార్కులో ఇలాంటిదే జరిగింది. యజమానులు పన్నులు కట్టక వదిలేసిన వేలాది ఇండ్లు నగరపాలక సంస్థ వశమయ్యాయి. చలికాలంలో వెచ్చదనం కూడా లేని ఆ భవనాలను పేద కుటుంబాలు విడిచిపోలేదు. మరమ్మతులకు తామే పూనుకున్నాయి. 1973లో ఏర్పడిన ‘అర్బన్ హోంస్టెడింగ్ అసిస్టెన్స్ బోర్డు’ వారికి తోడ్పడింది. 1978లో మొదలైన పథకం కింద అద్దెదారులు సంఘంగా చేరి, భవనాన్ని నడపడం నేర్చుకుని, ఇంటికి 250 డాలర్ల చొప్పున చెల్లించి ఉమ్మడిగా సొంతం చేసుకున్నారు. పాలకవర్గాన్ని ఎన్నుకునేది ఆ నివాసులే.

అసలు శోధన తరువాత వచ్చింది. చుట్టుపక్కల ధరలు పెరిగాయి. ఎక్కువ ధరకు అమ్ముకుంటే లాభమే. కాని వెనుక వచ్చే పేదవానికి తలుపు మూసినట్లే. అందుకే అక్కడ కొనేవారి ఆదాయానికి పరిమితి ఉంచారు. ఉచితంగా పొందినవారు ఉచితంగా ఇవ్వాలని ప్రభువు బోధ (మత్తయి 10:8).

ప్రియులారా, పేదలకు ఇల్లు ఇచ్చేటప్పుడు తాళంచెవితోపాటు నిర్ణయించే హక్కునూ వారి చేతిలో పెడుతున్నామా? ఆ నమ్మకాన్ని ప్రభువు మనకు దయచేయునుగాక! ఆమెన్.